పక్షియు దాని తావును

తెలుగు పల్లెలలో పక్షులకు పెట్టిన పేర్లను వరుసగా చదివి చూడుడు: ఊరపిచ్చుక, అడవికోడి, నీరుకాకి, జెముడుకాకి, కలివికోడి. వీనిలో ప్రతి పేరును రెండు ముక్కలుగా విడదీయవచ్చును. రెండవ ముక్క పక్షి, మొదటి ముక్క చోటు. ఊరు, అడవి, నీరు, జెముడు, కలివి అనునవి పక్షికి విశేషణములు మాత్రమే కావు. అవి దాని చిరునామాలు. ఈ పేర్లు పెట్టినవారు పక్షిని చేతిలో పట్టి, త్రిప్పి చూచి పేరు పెట్టలేదు. అది తిరుగాడు తావున దానిని చూచి పెట్టిరి. చోటు చెప్పనిదే పక్షిని చెప్పినట్లు కాదని వారి మతము.

చిత్రకారునికిని ఇదే సమస్య ఎదురగును. అడవిపక్షిని చిత్రింపబూనినవానికి రెండు దారులు గలవు. మొదటిది, పక్షిని దాని పరిసరములనుండి వేరుచేసి, తెల్లని కాగితముపై నిలిపి, ఈక యీకను వ్రాయుట. రెండవది, పొదను, గడ్డిని, బురదను, గాలిని పక్షితో కలిపి వ్రాయుట. మొదటి దారిలో పక్షి రూపము నిర్దుష్టముగా తెలియును. రెండవ దారిలో పక్షి బ్రతుకు తెలియును. పల్లెపట్టున, పొలము గట్టున, వాగు ఒడ్డున ఉన్న పక్షిని చిత్రించుటలో వెనుకనున్న గడ్డి అలంకారము కాదనియు, అది పక్షిని గూర్చిన జ్ఞానములో సగభాగమనియు ఈ వ్యాసమున చూపదలచితిని. ఇది చిత్రకారులకే గాక పక్షిని మాటలలో చిత్రించు రచయితలకును సంబంధించిన విషయము.

ఈ భేదమును స్పష్టముగా విచారించినవారిలో చీనా చిత్రకళా విమర్శకులు ముఖ్యులు. ఆ దేశమున పూలను పక్షులను చిత్రించుట ఒక ప్రత్యేక శాఖగా క్రీస్తుశకము పదవ శతాబ్దినాటికే స్థిరపడినది. ఆ కాలమున ఇద్దరు చిత్రకారులు ప్రసిద్ధులైరి. ఒకడు షూ రాజ్యపు ఆస్థానములో పనిచేసిన హువాంగ్ చ్యువాన్. రెండవవాడు దక్షిణ తాంగ్ రాజ్యమునకు చెందిన శ్యూ శీ. ఇతడు కొలువు కోరక స్వతంత్రముగా బ్రతికినవాడు. పదునొకండవ శతాబ్దిలో గువో రువోషు అను విమర్శకుడు వీరిరువురిని పోల్చుచు ఒక జనవాక్యమును ప్రస్తావించెను. దాని సారాంశమిది: హువాంగ్ వంశమువారి చిత్రములలో ఐశ్వర్యము, గౌరవము కానవచ్చును, శ్యూ శీ చిత్రములలో పల్లెదనము, స్వేచ్ఛ కానవచ్చును.

గువో రువోషు అంతటితో ఆగలేదు. ఈ భేదము కేవలము అభిరుచి భేదము కాదనియు, కంటికి అలవాటైన దృశ్యములనుండి పుట్టినదనియు అతడు వివరించెను. హువాంగ్ రాజోద్యానములలో నివసించెను. అచట దేశదేశములనుండి తెచ్చిన అపూర్వ పక్షులు, వింత రాళ్లు, ఎన్నిక చేసి పెంచిన పూలు ఉండెడివి. అతడు వానినే వ్రాసెను. శ్యూ శీ నదీతీరములలో, సరస్సుల ఒడ్డున తిరిగినవాడు. అతడు రెల్లును, అడవిపూలను, నీటిపక్షులను, లోతున ఈదు చేపలను, తుదకు కూరతోటలను వ్రాసెను. కన్ను ఎచట పెరిగెనో చేయి అచటిదే వ్రాయునని విమర్శకుని నిర్ణయము.

చూపులోని ఈ భేదము పనితనములోనికిని దిగినది. హువాంగ్ పద్ధతిలో మొదట వెంట్రుకవంటి సన్నని గీతతో ఆకారము గీచి, దాని లోపల రంగులు పొరలు పొరలుగా నింపుదురు. తుదకు గీత రంగులో లీనమై కనబడకుండపోవును. పక్షి మెత్తగా, నిగనిగలాడుచు, చేతికి అందునట్లు నిలుచును. శ్యూ శీ పద్ధతిలో సిరాయే ప్రధానము. కొమ్మను, ఆకును, పూవును ముందుగా సిరాతోనే నిలిపి, తరువాత రంగును కొద్దిగా చిలుకుదురు. మొదటి పద్ధతి ఈకకు అనుకూలము. రెండవ పద్ధతి గాలికి వంగు గడ్డికి, వాడిపోవు ఆకుకు, ఎండిన తామరతూటికి అనుకూలము. కావున ఏ పద్ధతి గొప్పదనుట కంటె, ఏ పద్ధతి దేనిని చూడగలదనుటయే సరియైన ప్రశ్న.

సోంగ్ చక్రవర్తుల ఆస్థానము హువాంగ్ వంశపు పద్ధతినే గ్రహించినది. 965లో షూ రాజ్యము సోంగులకు లొంగిపోగా ఆ వంశమువారు క్రొత్త రాజధానికి చేరిరి. సుమారు ఒక శతాబ్ది వరకు ఆస్థాన చిత్రశాలలో పక్షిచిత్రములకు వారి పద్ధతియే కొలబద్ద. శ్యూ శీ చిత్రములు మోటువని హువాంగ్ చ్యువాన్ త్రోసివేసెనని ఒక కథను షెన్ కువో అను పండితుడు వ్రాసియుంచెను. కథ నిజమైనను కాకపోయినను, పల్లెదనమునకు ఆస్థానములో ఎట్టి ఆదరమున్నదో అది తెలుపుచున్నది. హువాంగ్ చ్యువాన్ చేతిదని ప్రతీతిగల ఒక పట్టుపట నేటికిని బీజింగులోని రాజప్రాసాద సంగ్రహాలయమున గలదు. దానిపై ఇరువదికి పైగా పిట్టలు, పురుగులు, తాబేళ్లు గలవు. కుమారుని అభ్యాసముకొరకు దానిని చిత్రించినట్లు దానిమీదనే వ్రాసియున్నది. ప్రతి రెక్కయు నిర్దుష్టము. కాని ఆ జీవులు ఒకదానినొకటి చూడవు. వాని క్రింద నేల లేదు. అది అభ్యాసపత్రము గనుక అట్లుండుట న్యాయమే. అభ్యాసపత్రమే కళకు ఆదర్శమైనపుడు చిక్కు కలుగును.

ఆ కట్టును సడలించినవాడు ట్సుయి బాయి. ఎండిన తామరలను, అడవి బాతులను వ్రాయుటలో అతడు దిట్ట. చక్రవర్తి అతనిని చిత్రశాలకు పిలిచినపుడు, తాను నియమములకు లోబడి ఉండజాలనని మొదట వెనుదీసినట్లు చెప్పుదురు. 1061లో అతడు సంతకము చేసి కాలము వేసిన ఒక గొప్ప చిత్రము తైపేలోని జాతీయ రాజప్రాసాద సంగ్రహాలయమున గలదు. మనిషి నిలువును మించిన పట్టుపట అది. మాగ్‌పై అను కాకిజాతి పక్షులు రెండు, ఒక కుందేలు, ఒక ముసలి చెట్టు, ఒక మట్టిదిబ్బ మాత్రమే అందలి వస్తువులు. సంతకము సైతము చెట్టు మ్రానుపైననే ఇమిడియున్నది.

ఆ చిత్రములో జరుగునది ఇది. శరత్కాలము ముగియుచున్నది. ఆకులు పండి చిల్లులుపడినవి. బలమైన గాలి వీచుచున్నది. వెదురు, గడ్డి, కొమ్మలు అన్నియు వంగుచున్నవి. కుందేలు ఆ దారిన పోవుచున్నది. ఒక పక్షి కొమ్మపై రెక్కలు విప్పి, మెడ చాచి, దానిని చూచి అరచుచున్నది. రెండవ పక్షి గాలిలో ఎగిరి వచ్చుచున్నది. కుందేలు ఒక ముంగాలు ఎత్తి, తల వెనుకకు త్రిప్పి, వానివైపు చూచుచున్నది. అంతే. ఎవరును ఎవరిని చంపుట లేదు, పూజించుట లేదు. పల్లెపట్టున ఏ దినమైనను జరుగు చిన్న తగవు.

ఈ చిత్రమునుండి గాలిని తీసివేసి చూడుడు. పక్షి రెక్కలు ఏల అట్లు విప్పుకొన్నవో తెలియదు. కుందేలును తీసివేయుడు, పక్షి నోరు ఏల తెరచినదో తెలియదు. వాడిన ఆకులను తీసివేయుడు; ఆకలి, చలి ముంచుకొనివచ్చు ఋతువు అని తెలియదు. మిగులునది రెండు అందమైన పక్షులు మాత్రమే. కావున పరిసరము పక్షికి వెనుక వేసిన తెర కాదు. అది పక్షి చేష్టకు కారణము. కారణము చూపిన చిత్రము కథ చెప్పును. కారణము చూపని చిత్రము నమూనా మాత్రమే చూపును. సోంగ్ ఆస్థానపు చిత్రముల పట్టికను కూర్చినవారును, ట్సుయి బాయి కాలమునుండియే చిత్రశాల పద్ధతి మారినదని అంగీకరించిరి.

పల్లెకన్ను యొక్క ప్రామాణ్యమును గూర్చి అదే యుగపు మహాకవి సూ దోంగ్‌పో ఒక చిన్న కథ చెప్పెను. హువాంగ్ చ్యువాన్ ఎగురుచున్న పక్షిని మెడయు కాళ్లును రెండును చాచినట్లు వ్రాసెనట. అది చూచిన యొకడు, ఎగురు పక్షి మెడ ముడిచినచో కాళ్లు చాచును, కాళ్లు ముడిచినచో మెడ చాచును, రెండును చాచుట లేదని చెప్పెను. పరిశీలింపగా అది నిజమే అయ్యెనట. మన చెరువుగట్టున నిలిచి చూచినవారికి దీనిలోని సత్యము, హద్దు రెండును తెలియును. కొంగ ఎగురునపుడు మెడను మడిచి కాళ్లను వెనుకకు చాచును. బెగ్గురు పక్షి రెంటిని చాచియే ఎగురును. కావున సూత్రము అన్ని పక్షులకును చెల్లదు. కాని ఏ పక్షిని వ్రాయుచున్నాడో దాని ఎగురుట చూడనివాడు ఎంతటి నేర్పరియైనను తప్పు చేయుననుట అన్నివేళలను చెల్లును.

ఇక మన దేశమునకు వత్తము. భారతదేశమున పక్షులను ప్రత్యేక వస్తువుగా గ్రహించి చిత్రింపజేసినవారిలో జహంగీరు చక్రవర్తి అగ్రగణ్యుడు. 1605 నుండి 1627 వరకు ఏలిన ఈ రాజు, తన ముత్తాత బాబరు జంతువులను మాటలతో వర్ణించెనే గాని చిత్రకారులచే వ్రాయింపలేదని తన స్మృతిగ్రంథమున పేర్కొని, తానా లోపమును పూరించెను. 1612లో గోవానుండి తెచ్చిన వింత జీవులలో టర్కీకోడి ఒకటి. దానిని మన్సూరు అను చిత్రకారుడు వ్రాసెను. అతనికి చక్రవర్తి ‘నాదిర్ ఉల్ అస్ర్’ అను బిరుదమిచ్చెను. తన యుగమున అపూర్వుడని దాని భావము. మన్సూరు వ్రాసిన తెల్లని సైబీరియా బెగ్గురు పక్షి చిత్రము కోల్‌కతాలోని ఇండియన్ మ్యూజియమున గలదు. శాస్త్రజ్ఞులు ఆ జాతికి నామకరణము చేసినది 1773లో. మన్సూరు దాని మోకాలి ముడుతలను సైతము అంతకు ఒకటిన్నర శతాబ్ది పూర్వమే చూచియుండెను.

అయినను మొగలు పక్షిచిత్రములలో పక్షి తరచుగా ఒంటరి. దాని వెనుక లేత రంగు పూత, కాళ్లవద్ద రెండు మూడు గడ్డిపోచలు, ఒకటి రెండు పూలు మాత్రమే ఉండును. తరువాత ఆ పుటను ముర్రఖా అను చిత్రసంపుటములో అంటించి, చుట్టును బంగారు లతలతో అంచు తీర్చెడివారు. పక్షి వెనుక ఉండవలసిన ప్రకృతి అంచులోనికి పోయి అలంకారమైనది. దీనికి కారణము చిత్రకారుని అసమర్థత కాదు. మన్సూరుదిగా చెప్పబడు ఊసరవెల్లి చిత్రమున ఆకుపచ్చని ప్రాణి ఆకుపచ్చని కొమ్మను పట్టుకొని పురుగుపై చూపు నిలిపియున్నది. తావును వ్రాయు శక్తి ఆ చేతికి కలదని దానివలననే తెలియును. అసలు కారణము వేరొకటి. చాలా పక్షులు చిత్రకారుని వద్దకు వచ్చినవి. చిత్రకారుడు పక్షుల వద్దకు పోలేదు.

దీనికి జహంగీరు స్మృతిగ్రంథములోనే ఒక ఉదాహరణము గలదు. 1620లో కాశ్మీరమున ఒక సెలయేటిలో చక్రవర్తి ఒక చిన్న పక్షిని చూచెను. అది నీట మునిగి, చాలసేపు లోపలనే ఉండి, వేరొకచోట తేలుచుండెను. డిప్పర్ అని నేటివారు పిలుచు పక్షి అది. కొండయేళ్ల వడిలో దిగి మేత వెదకుట దాని ప్రత్యేకత. చక్రవర్తి ఆశ్చర్యపడి దానిని పట్టి తెమ్మనెను. పట్టుకొనివచ్చిన వానిలో ఒకటి వెంటనే చచ్చెను. మరియొకటి ఒక దినము బ్రతికెను. దాని రూపమును వ్రాయుమని మన్సూరును ఆజ్ఞాపించెను. చక్రవర్తిని ఆకర్షించినది ఆ పక్షి రంగు కాదు, అది ఏటిలో మునుగుట. చిత్రకారునికి అందినది ఏరు లేని పక్షి. చూచిన అద్భుతమంతయు గ్రంథములోని మాటలలో మిగిలినది. ఇట రచయిత పని చిత్రకారుని పనిని మించినది. తావును చెప్పినది మాటయే.

సెయింట్ పీటర్స్‌బర్గులోని హెర్మిటేజ్ సంగ్రహాలయమున మన్సూరు చేతిదని తలపబడు మరియొక పుట గలదు. దాని నడుమ మారిషస్ ద్వీపపు డోడో పక్షి నిలిచియున్నది. చుట్టును హిమాలయపు అడవికోడి, పట్టెతల బాతులు, ఎండునేలలపై తిరుగు ఒక పక్షి, ఒక చిన్న చిలుక గలవు. ఇవి ఏ నేలమీదను కలిసి బ్రతికినవి కావు. కలిపినది రాజుగారి పక్షిశాల. పదునేడవ శతాబ్ది ముగియునాటికి డోడో నశించినది. ప్రాణముతో ఉన్న డోడోను చూచి వ్రాసిన చిత్రములలో ఇది మిక్కిలి విశ్వసనీయమైనదని పండితులు చెప్పుదురు. దాని ముక్కు, రంగు, నిలుకడ మనకు తెలిసినవి. అది ఎట్టి చెట్ల నీడను తిరిగెనో ఈ చిత్రము చెప్పజాలదు.

తెల్ల కాగితపు మార్గము పదునెనిమిదవ శతాబ్దిలో కలకత్తాలో పరాకాష్ఠ చెందినది. అచటి సుప్రీం కోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎలైజా ఇంపే భార్య మేరీ ఇంపే తన తోటలో పక్షులను మృగములను పెంచి, 1777 మొదలుగా షేక్ జైనుద్దీన్, భవానీ దాస్, రామ్ దాస్ అను ముగ్గురు చిత్రకారులచే వానిని వ్రాయించెను. వీరు పాట్నానుండి వచ్చినవారు; మొగలు సంప్రదాయమున చేయి తిరిగినవారు. ఇంగ్లండునుండి తెచ్చిన పెద్ద కాగితములపై, సాధ్యమైనచోట నిజ పరిమాణములో, మూడువందలకు పైగా చిత్రములు వ్రాసిరి. వానిలో ఎక్కువ భాగము పక్షులవే. కొన్ని పక్షులు కొమ్మలపై వ్రాలియున్నను చాలవరకు వెనుక తెలుపే. ఆ తెలుపునకు ప్రయోజనము లేకపోలేదు. శాస్త్రజ్ఞునికి ఈకల లెక్క, ముక్కు వంపు, గోళ్ల రంగు కావలెను. నీడలు, గడ్డి వానికి అడ్డము. ఇంగ్లండులోని పక్షిశాస్త్రజ్ఞుడు జాన్ లేథమ్ ఈ చిత్రములను చూచి జాతులను వర్ణించెను. ఇట్టి నిష్కళంకమైన రూపజ్ఞానమును తక్కువ చేయరాదు.

కాని ఆ చిత్రములలో గులాబి తల బాతు ఒకటి గలదు. భవానీ దాస్ వ్రాసినది. గంగామైదానపు ఎత్తైన గడ్డిలో మరుగుపడిన మడుగులు దాని నివాసము. ఆ మడుగులు పొలములైనవి, గడ్డి కోతపడినది, వేటయు తోడైనది. 1949 తరువాత ఆ బాతును నిశ్చయముగా చూచినవారు లేరు. మన్సూరు వ్రాసిన బెగ్గురు పక్షులును భరత్‌పూరు నీటిమడుగులకు శీతకాలమున వచ్చుచుండెడివి. 2001–2002 శీతకాలము తరువాత వాని రాక ఆగినది. ఒక పక్షి పోవుటకు ముందు దాని తావు చెడును. తావును వ్రాయని చిత్రమున ఆ ముందు జరిగిన నష్టము కనబడనే కనబడదు.

ఇట మన నేలకు చెందిన కథ యొకటి చేరుచున్నది. మద్రాసు సైన్యమున వైద్యుడైన జెర్డన్, నెల్లూరులోను పనిచేసినవాడు, దక్షిణదేశపు పక్షులను గూర్చి 1847 నాటికి ఏబది రంగుచిత్రములతో ఒక గ్రంథమును మద్రాసున ప్రకటించెను. ఆ చిత్రములు వ్రాసినవారు ఈ దేశపు చిత్రకారులే. ఇతడు తూర్పుకనుమల సమీపమున ఒక చిన్న పక్షిని కనుగొనగా 1848లో శాస్త్రలోకము దానిని గుర్తించినది. అదియే కలివికోడి. రాత్రివేళ మాత్రము తిరుగుచు, పగలు పొదల నడుమ మట్టిలో మట్టియై నిలుచు పక్షి. 1900 తరువాత అది కనబడలేదు, నశించినదనియే తలచిరి. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి సమీపమున అది మరల దొరికినది. దానిని చూపుటకు తోడ్పడినవాడు పుస్తకము చదివిన పండితుడు కాదు. ఆ పొదలలో తిరుగు పల్లెవాడు.

తరువాత దాని రక్షణకై శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యమును ఏర్పరచిరి. 1988లో తపాలాబిళ్లపై దాని బొమ్మ వేసిరి. తెలుగుగంగ కాలువ దాని నేలను చీల్చుకొనిపోవు ప్రమాదము కలుగగా, కాలువ మార్గమును మార్చిరి. ఈ పక్షికి కావలసినది గొప్ప అడవి కాదు. ముళ్లపొదలు ఇక్కడొకటి అక్కడొకటిగా ఉండి, నడుమ రాతిమట్టి నేల ఖాళీగా ఉండవలెను. పొదలు దట్టమైనను, పూర్తిగా నరికివేసినను అది ఉండదు. చూచువారికి అది పనికిమాలిన బీడు. పక్షికి అది ఇల్లు. రెండు గోధుమరంగు పట్టెలుగల దాని రొమ్మును ఎంత అందముగా వ్రాసినను, ఆ బీడును వ్రాయనిచో దాని రక్షణకు కావలసిన ముఖ్యవిషయమును వదలినట్లే. కలివికోడి యను పేరు పెట్టిన పల్లెవాడు ఆ విషయమును రెండు మాటలలోనే ఇమిడ్చెను.

రచయితకు దీనివలన కలుగు ఉపయోగమేమి? మన ప్రబంధములలోని వనవర్ణనలలో చకోరము, చక్రవాకము, హంస, కోకిల ఒకే తోటలో చేరుట వాడుక. ఆ చకోరము కవిసమయములలోని వెన్నెల పిట్ట. ఆ పేరుతో పిలువబడు అసలు పక్షి వాయవ్య భారతపు కొండలది, తెలుగునేలది కాదు. చక్రవాకము మన చెరువులకు శీతకాలమున వలసవచ్చి పోవునది. ఎండాకాలమున దాని కూత ఇచట వినరాదు. కవిసమయము కవిసమయముగా నిలుచుటలో దోషము లేదు. అది హెర్మిటేజ్ పుటవంటి పక్షిశాల. దాని అందము దానిది. కాని పల్లెను యథార్థముగా వ్రాయబూనిన నేటి కథకుడు, నవలాకర్త ‘చెట్టుమీద ఏదో పిట్ట కూసెను’ అని వ్రాసినచో అది తెల్ల కాగితముకంటెను తక్కువ. అందు పక్షియు లేదు, తావును లేదు.

పక్షుల శాస్త్రనామములన్నియు రచయిత నేర్వనక్కరలేదు. ఏ ఋతువు, ఏ చెట్టు, ఏ వేళ, ఆ పక్షి ఏమి చేయుచున్నది, ఏల చేయుచున్నది అను నాలుగైదు ప్రశ్నలకు సమాధానము తెలిసిన చాలును. గిజిగాడు గూడు అల్లినదనుట సామాన్యవాక్యము. బావిపైకి వంగిన తుమ్మకొమ్మకు, వానకారు మొదలిడగానే, పచ్చి గడ్డిపోచలతో మగపక్షి గూడు అల్లుచున్నదని చెప్పినచో అందు ఊరును, కాలమును, నీటి జాడయు కలసి వచ్చినవి. ట్సుయి బాయి గాలిని వ్రాసినట్లు ఈ రచయిత వానకారును వ్రాసినవాడగును. అట్టి వాక్యము వ్రాయుటకు పల్లెలోని రైతును, గొల్లవానిని, చెరువుగట్టు పిల్లలను అడిగి తెలిసికొనుటకు సిగ్గుపడరాదు. సూ దోంగ్‌పో కథలోని సారమదియే.

జెముడు కంచెలు పోయి కమ్మీ కంచెలు వచ్చినచోట జెముడుకాకి పేరులో మొదటి ముక్క పిల్లలకు అర్థము కాదు. కలివి పొదలు పోయినచోట కలివికోడి అను మాటలో కోడి మాత్రము మిగులును, అదియు నిఘంటువులోనే. పక్షిని దాని తావుతో కలిపి వ్రాసిన చిత్రము, కథ, పద్యము ఆ మాటకు అర్థమును నిలుపగలవు. తావును నిలుపుట రచన యొక్క శక్తికి మించిన పనియే కావచ్చును; కాని తావు పోవుచున్నదని ముందుగా తెలిసికొనగలవాడు దానిని చూచి వ్రాసినవాడే.